ఇనుప సిలిండరు, వెండి కండ్లు

“మేడమ్, జర గీ ఒక్క మాట చెప్పుండ్రి. నెలలు నిండకముందే నొప్పులొస్తే ఎట్ల? పుట్టిన పిల్లకు దమ్ము రాకపోతే ఎట్ల? మీ దవాఖానల ఆక్సిజన్ ఉన్నదా?”

అప్పటికి నొప్పుల మాటే లేదు. పరీక్షల్లో ఏ లోపమూ కనబడలేదు. ఏడో నెల చూపించుకోవడానికి వచ్చిన వర్షిత కుర్చీలో హాయిగా కూర్చుని, ఇంటికి పోయేటప్పుడు మిర్చి బజ్జీలు కొనిపించుకోవాలని ఆలోచిస్తూ ఉంది. తల్లి నోరు తెరవగానే తల పట్టుకుంది.

డాక్టర్ అంకితకు ఇది కొత్త కాదు. “ఉన్నదమ్మా. పోయిన నెల ఉండె, ఈ నెల ఉన్నది, వచ్చే నెల కూడ ఉంటది” అంది, రాస్తున్న మందుల చీటీ మీంచి తలెత్తకుండానే.

“నిండుగున్నదా?”

“నిండుగ.”

“కరెంటు పోతే?”

“అమ్మా, నువ్వు ఇంకొక్క మాటన్నవనుకో, నేను గీ కుర్చీలనే కంటా” అంది వర్షిత.

“అపశకునం మాటలు మాట్లాడకే!” అని ఐలవ్వ కూతురి నోరు మూసి, అదే చేత్తో సంచిలోంచి ఆక్సిమీటరు తీసి కూతురి వేలికి తగిలించింది. తొంభై తొమ్మిది. మనసు కొంచెం కుదుటపడింది. ఊరికే ఉండలేక డాక్టరమ్మను కూడా వేలు చాపమంది. అంకిత నవ్వి వేలిచ్చింది.

“తొంభై ఎనిమిది. ఒకటి తగ్గింది మేడమ్. మీరు టైముకు తింటలేరు.”

ఆ చిన్న పెట్టె ఐలవ్వ చేతికి కరోనా ఏడాది వచ్చింది. పాపన్నపేటలో ఉండే ఆమె అన్న గాలయ్యకు అప్పుడు రోగం ముదిరి, వేలి మీది అంకె తొంభై నుంచి కిందికి, ఇంకా కిందికి జారిపోయింది. ఎనభై రెండు దగ్గర అందరూ ఏడుపు మొదలుపెట్టారు. ఆ సమయానికి దవాఖానలో పడక దొరికింది, ముక్కుకు గొట్టం తగిలింది, అంకె మెల్లగా లేచింది. గాలయ్య ఇప్పుడు నారుమడి గట్టు మీద నిలబడి కూలీల మీద కేకలు వేస్తున్నాడంటే ఆ గాలి చలవేనని ఐలవ్వ నమ్మకం. ఏడుపాయల వనదుర్గమ్మ తర్వాత ఆమె నమ్మేది ఆక్సిజన్‌నే. చదివింది ఏడో తరగతే కానీ ఆ పెట్టె అంకెలు మాత్రం డాక్టర్లకంటే వేగంగా చదువుతుంది. పాలు పోయడానికి వచ్చినవాడు కూడా వేలు పెట్టి అంకె చూపించనిదే గిన్నె దొరకదు.

ఇక ఆమె భర్త స్వామి. నర్సాపూర్ రోడ్డు మీద వెల్డింగు షాపు. మూగవాడేమీ కాదు. గిరాకీలతో మాట్లాడతాడు, అల్లుడితో మాట్లాడతాడు, ఒక్కోసారి అతకని ఇనుముతో కూడా మాట్లాడతాడు. కానీ ఐలవ్వ “ఏమన్న అయితే ఎట్లయ్యా?” అని అడిగినప్పుడు మాత్రం బదులు ఇవ్వడు. పెళ్ళైన కొత్తలో వాన పట్టుకున్న రోజు మొదటిసారి ఆ ప్రశ్న అడిగింది, ఇల్లు కారుతుందేమోనని. అప్పుడూ మాట్లాడలేదు, నిచ్చెన వేసుకుని రేకులు సర్దాడు. అది మొదలు ఎన్ని వేలసార్లు అడిగిందో, అన్నిసార్లూ ఆయన చేతులు ఏదో ఒక పని చేశాయి గానీ నోరు మాత్రం కదలలేదు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో వర్షిత బజ్జీలు తింటూ అంది, “నువ్వు భయపడ్డవేవీ ఎప్పుడన్న అయినయా అమ్మా?”

“నేను భయపడ్డ గనకనే కాలేదు” అంది ఐలవ్వ.

ఈసారి మాత్రం అయింది.

ఎనిమిదో నెల ఇంకా పడనేలేదు. పగటిపూట, వర్షిత టీవీ చూస్తూ పల్లీలు ఒలుస్తూ ఉండగా, పల్లీల చాట కిందపడింది. ఐలవ్వ కంగారుపడలేదు. ఎన్నో నెలలుగా మనసులో వంద సార్లు జరిపించుకున్న సంగతి కాబట్టి చేతులు వాటంతటవే నడిచాయి. సంచీ సిద్ధంగా ఉంది, ఆటో వాడి నంబరు గోడ మీద ఉంది. ఆటోలో కూతురిని ఒళ్ళో పడుకోబెట్టుకుని షాపుకు ఫోన్ కొట్టింది.

“ఏమయ్యా, బిడ్డను దవాఖానకు తోలుకపోతున్న. నువ్వు ఒట్టి చేతులతోని రాకు. షాపుల ఆక్సిజన్ సిలిండర్ ఉన్నది గదా, తీసుకరా! ఆళ్ళకాడ అయిపోతే ఎట్ల?”

అవతల ఫోన్ పెట్టేసిన శబ్దం మాత్రం వినబడింది.

కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తారు. ఐలవ్వ కూతురి తల దగ్గర నిలబడింది. నొప్పులు ఆపడానికి చేసే ప్రయత్నాలకు పిల్ల ఒప్పుకోలేదు. పొద్దు వాలకముందే, ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు బయటికి వచ్చేసింది. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత ఉంది.

ఏడవలేదు.

నిస్సి అనే నర్సు పిల్లను అందుకుని మూలనున్న వేడి దీపం కిందికి తీసుకుపోయి, మెడ దాకా పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టింది.

“అయ్యో నా తల్లీ! పిల్లను కవర్ల పెడుతున్నరేంది? కూరగాయలా?” ఐలవ్వ కూతురి తల దగ్గర నుంచే అరిచింది.

“మొకం బయటనే ఉన్నది గదమ్మా. ఒంటి వేడి పోకుండ పెట్టిన” అంది నిస్సి, చేతులు ఆపకుండా.

పిల్లల డాక్టరు ఇంద్రకరణ్ అప్పటికే ఆ చిన్న ముఖం మీద ఇంకా చిన్న మాస్కు ఆనించి, సంచిలాంటిదాన్ని రెండు వేళ్ళతో మెత్తగా నొక్కుతున్నాడు. పిల్ల ఛాతీ చిన్నగా లేచి దిగింది. నిస్సి పిల్ల కుడి మణికట్టుకు ఆక్సిజన్ కొలిచే పట్టీ చుట్టింది. పక్కనున్న తెర వెలిగింది.

యాభై ఎనిమిది.

ఐలవ్వ ఆ అంకెను రెండుసార్లు చదువుకుంది. తొంభై నాలుగు అంటే భయం, తొంభై అంటే దవాఖాన, ఎనభై రెండు అంటే ఏడుపు. యాభై ఎనిమిది ఆమెకు తెలిసిన లెక్కల్లోనే లేదు.

“ఆక్సిజన్ పెట్టుండ్రి సారూ! నిండుగ పెట్టుండ్రి! మా ఆయన కూడ సిలిండర్ తెస్తుండు, అయిపోతదని జంకకుండ్రి!”

“పెట్టినమమ్మా. ఎంత కావాల్నో అంత” అంది నిస్సి.

“ఎంత?”

“వందకు ముప్పై పాళ్ళు.”

“ముప్పయ్యేనా! మిగిలిన డెబ్బై ఎవలికి దాచిపెట్టిండ్రు?”

మంచం మీద నీరసంగా పడుకున్న వర్షిత “అమ్మా, ఊకో” అంది. అంటూనే తల్లి కొంగు గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు చూస్తే ఐలవ్వకు ఇంకా భయం పుట్టింది.

ఇంద్రకరణ్ పిల్ల మీంచి చూపు తిప్పలేదు. గొంతు మాత్రం తీరికగా, పక్కింటివాడితో మాట్లాడినట్టు వచ్చింది. “అమ్మా, కడుపులున్నప్పుడు ఏ పిల్లకైనా గింతే ఉంటది. మీకూ గింతే ఉండె, నాకూ గింతే ఉండె. ఇప్పుడే గదా బయటికొచ్చింది, మెల్లగ ఎక్కుతది. గుండె మంచిగ కొట్టుకుంటుంది. మీరొక పని చెయ్యుండ్రి. గా తెర మీది లెక్క గట్టిగ చదివి చెప్తుండుండ్రి.”

పని దొరికితే ఐలవ్వ మనిషే వేరు. కొంగు నడుముకు దోపి, తెర ముందుకు మెడ చాపింది.

“అరవై ఒకటి. అరవై నాలుగు. సారూ, అరవై రెండు! తగ్గింది సారూ!”

“చదువుండ్రి.”

“అరవై ఆరు. డెబ్బై... వనదుర్గమ్మ తల్లీ, నీకు కోడి. డెబ్బై మూడు. కోడి కాదు, యాటపోతు. డెబ్బై ఏడు...”

ఎనభై దాటిన దగ్గర, పిల్లి కూన గొంతులాంటి సన్నటి చప్పుడు ఒకటి వినబడింది. మళ్ళీ వినబడింది. మూడోసారికి అది ఎవరికీ అనుమానం లేకుండా ఏడుపే. వర్షిత కూడా అందుకుంది. నిస్సి ముసిముసిగా నవ్వింది. నీలంగా ఉన్న పెదవులకు గులాబీ రంగు ఎక్కుతోంది.

ఇంద్రకరణ్ చేయి చాపి ఒక మీటను కొద్దిగా వెనక్కి తిప్పాడు.

“ఇప్పుడే ఎక్కుతుంటే తగ్గిస్తున్నరేంది సారూ!”

“నెలలు తక్కువ పిల్లలకు ఆక్సిజన్ తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమేనమ్మా. లోపల కండ్ల నరాలు ఇంకా పెరుగుతుంటయి. ఎక్కువిస్తే గవి పాడైతయి. గందుకే కొలిచి ఇస్తం, తొందరగ తగ్గిస్తం.”

ఐలవ్వ తలూపింది. ఒక్క ముక్క కూడా నమ్మలేదు. గాలి ఎక్కువైతే కళ్ళు పోవడమేమిటి? గాలి ఎక్కువైతేనే కదా అన్న బతికింది!

పిల్లను అద్దాల గదికి తీసుకుపోయాక ఆమె బయటికి వస్తే, గేటు దగ్గర గొడవగా ఉంది. ట్రాలీ ఆటోలో మనిషంత పొడుగు నల్ల సిలిండరు, దాని పక్కన గొట్టాలు, ఇనుము కోసే గన్ను, వీటన్నిటినీ పట్టుకుని స్వామి.

“ఏం కొయ్యనీకొచ్చినవన్నా?” అని వాచ్‌మన్ అడుగుతున్నాడు. “ఈడ కాన్పులు చేస్తరు. రేకులు కొయ్యరు.”

అటే వచ్చిన ఇంద్రకరణ్ సిలిండరును చూశాడు, స్వామిని చూశాడు, ఐలవ్వను చూశాడు. నవ్వు ఆపుకోవడం కోసం చేత్తో మీసం సవరించుకున్నాడు.

“ఇది పిల్లలకు పెట్టేది కాదన్నా. తీసుకపోండ్రి. మనుమరాలు మంచిగ దమ్ము తీస్తుంది” అన్నాడు.

స్వామి కళ్ళు తుడుచుకున్నాడు. వెల్డింగు చేసే కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ తెలియలేదనుకున్నాడు.

“ఎట్లాగూ వచ్చినవ్ గదా, గీ స్ట్రెచర్ కాలు ఊగుతుంది, జర చూడు” అన్నాడు వాచ్‌మన్. సిలిండరుతో పాటు స్ట్రెచరు కూడా ట్రాలీ ఎక్కి నర్సాపూర్ రోడ్డు పట్టింది.

మర్నాడు బువ్వ తీసుకుని షాపుకు పోయిన ఐలవ్వ మనసులో ఒకటే కెలుకుతోంది. “ఏమయ్యా, నువ్వు రోజూ గదే గ్యాసుతోని పని చేస్తవు గదా. ఎక్కువైతే కండ్లు పాడైతయని డాక్టర్ అంటుండు. నిజమేనా? నిజమే అయితే ఎట్లయ్యా?”

స్వామి బువ్వ గిన్నె పక్కన పెట్టి, నల్ల కళ్ళద్దాలు ఒకటి తాను పెట్టుకుని ఒకటి ఆమె కళ్ళకు పెట్టాడు. పలచటి రేకు ముక్క ఒకటి బల్ల మీద ఉంచి, గన్ను వెలిగించాడు. మంట పసుపుపచ్చగా, మెత్తగా వచ్చింది. ఆక్సిజన్ కొద్దిగా వదిలాడు. మంట నీలంగా, కుదురుగా నిలబడింది. రేకు ఎర్రబడింది, అంతే. అప్పుడు మీట ఇంకా తిప్పాడు. మంట బుసకొట్టింది. చూస్తుండగానే రేకు అంచు నిప్పురవ్వలై ఎగిరిపోయి, నడుమ కన్నంత బొక్క పడింది.

మీట కట్టేసి స్వామి బువ్వ ముందు కూర్చున్నాడు.

ఐలవ్వ కళ్ళద్దాలు తీసి ఆ బొక్కకేసి వంగి చూసింది. కంటి లోపల జరిగేది మంట కాదని ఆమెకు ఆ తర్వాత నిస్సి ఓపికగా చెప్పింది. కానీ ఆ రేకు ముక్క మనసులోంచి పోలేదు. అంతవరకు ఆక్సిజన్ లేదేమోనని భయపడ్డ మనిషి, ఆ రోజు నుంచి ఆక్సిజన్ ఉన్నందుకు భయపడడం మొదలుపెట్టింది.

అద్దాల గది బయట కుర్చీ ఆమెదైపోయింది.

“సిస్టర్! ఇరవై ఐదున్న లెక్క ముప్పై అయిందేంది? తగ్గించుండ్రి!”

“జర ఆయాసపడ్డది, గందుకే పెంచినం. మల్ల తగ్గిస్తం.”

“గా పక్కనున్న పిల్లకు ఇరవై ఒకటే ఉన్నది గదా?”

“అమ్మా, పుట్టిననాడు డెబ్బై ఎవలికి దాచిండ్రని కొట్లాడింది నువ్వే గదా?” నిస్సి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“గప్పుడు తెల్వక భయపడ్డ.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు తెల్సి భయపడుతున్న.”

నిస్సి నవ్వు ఆ వరండా చివరిదాకా వినబడింది. అప్పటినుంచి డ్యూటీకి వచ్చే ప్రతి నర్సూ ముందు ఐలవ్వ దగ్గర ఆగి “ఇరవై ఐదే, పెంచలేదు” అని చెప్పి లోపలికి పోవడం అలవాటు చేసుకుంది. అట్లా చెప్తే పని తొందరగా అవుతుందని వాళ్ళకు తెలిసింది.

పిల్ల కోలుకుంది. గొట్టం తీసేశారు. మామూలు గాలితోనే ఊపిరి తీస్తోంది. రొమ్ముకు ఆనించి పడుకోబెట్టుకుంటే ఒంటి వేడి నిలుస్తుందని, తల్లి అలసినప్పుడు అమ్మమ్మను కూడా కూర్చోబెట్టారు. మనుమరాలు గుండెల మీద వెచ్చగా, పిడికిలంత బరువుగా పడుకుంటే ఐలవ్వకు జీవితంలో మొదటిసారి ఏ భయమూ గుర్తుకు రాలేదు. కాసేపే. తర్వాత ఇంత హాయిగా ఉండడం మంచిది కాదేమోనని భయం వేసింది. చుట్టూ చూసి, మెల్లగా తన ఆక్సిమీటరు తీసి పిల్ల పాదానికి తగిలించింది.

పెట్టె వెలిగింది. అంకె రాలేదు. రెండు గీతలు మాత్రం వచ్చాయి.

“సిస్టర్! పిల్లకు లెక్కే లేదు!”

నిస్సి పరుగున వచ్చింది. ఆ పాదాన్నీ, దాని మీద బట్టల క్లిప్పులా వేలాడుతున్న పెట్టెనూ చూసి, ఊడదీసి తన జేబులో వేసుకుంది.

“ఇది పెద్దోళ్ళ వేలుకు పెట్టేదమ్మా. ఈ పిల్ల కాలు మొత్తం కలిపినా నీ బొటనవేలంత లేదు. ఇంక గిది నా దగ్గరే ఉంటది. పరీక్షలన్ని అయిపోయినంక ఇస్త.”

“గది లేకపోతే నాకు ఒకటే గాబరైతది సిస్టర్.”

“గాబరైతే నా వేలు చూడు.” నిస్సి బెదిరిస్తున్నట్టు వేలు ఆడించి పోయింది.

ఇంటికి పంపించే ముందు కళ్ళ డాక్టరు వచ్చి చూశాడు. నెలలు తక్కువ పిల్లలందరినీ చూస్తాడట. చుక్కలు వేసి, నుదుటికి దీపం కట్టుకుని, చిన్న అద్దం పట్టుకుని లోపలికి చూసి, “నరాలు ఇంకా అంచుదాకా రాలేదు. ఇప్పుడే ఏం చెప్పలేం. మల్ల తీసుకరాండ్రి” అన్నాడు.

ఏం చెప్పలేం! అందులో ఐలవ్వ ఎన్ని విన్నదో చెప్పనలవి కాదు. వర్షిత “పెరుగుతున్నయి అన్నడమ్మా, పోయినయి అనలేదు” అని ఎంత చెప్పినా చెవికెక్కలేదు. ఆ వారమే ఏడుపాయలకు పోయి, వనదుర్గమ్మకు వెండి కండ్లు మొక్కుకుంది. కళ్ళ కోసం మొక్కుకున్నవాళ్ళు వెండి కండ్లు చేయించి అమ్మవారికి ఇవ్వడం అక్కడి అలవాటు. మెదక్ బజారులో వెండి పనివాడు ఎంత సైజు కావాలని అడిగితే, మనుమరాలి కళ్ళంత అని చూపుడువేలి కొసతో చూపించింది. అంత చిన్నవైతే అమ్మవారి కంటికి ఆనకపోతే ఎట్ల అని తోచింది. “జర పెద్దగనే చెయ్యి” అంది. తయారై వచ్చినవి చూస్తే పిల్ల ముఖమంత ఉన్నాయి.

ఇంట్లో ఆమె పిల్ల ముందు దీపం ఆడిస్తుంది, గిలక ఆడిస్తుంది, గాజులు మెరిపిస్తుంది. పిల్ల ఒకసారి చూస్తుంది, మూడుసార్లు ఆవలిస్తుంది. “చూస్తలేదయ్యా, ఏమన్న అయితే ఎట్ల?” అంటే, స్వామి లేచి ఎర్ర రిబ్బను తెచ్చి ఊయలకు కట్టాడు. నర్సాపూర్ నుంచి వచ్చిన అల్లుడు ఆ పెద్ద వెండి కండ్లు చూసి, “ఇవి నాకు పెట్టుకునేటివా అత్తమ్మా?” అని అడిగి తిట్లు తిన్నాడు.

రెండోసారి చూపించే రోజు అందరూ కదిలారు. వర్షిత ఒళ్ళో పిల్ల, ఐలవ్వ సంచిలో వెండి కండ్లు, స్వామి చేతిలో అతికించి తెచ్చిన ఇంకో స్ట్రెచరు చక్రం. కళ్ళ డాక్టరు గదిలోకి అందరూ ఒకేసారి చొరబడితే, తలుపు దగ్గర నిస్సి “బస్సు అనుకున్నరా?” అని కేకలేసి, తాను కూడా లోపలికొచ్చింది.

డాక్టరు నుదుటికి దీపం కట్టుకున్నాడు. గదిలో దీపాలు తీసేశారు. పిల్ల రెప్పలు విప్పి పట్టారు. పిల్ల కోపంగా ఏడ్చింది. ఐలవ్వకు ఆ ఏడుపు ఇప్పుడు పాటలా వినబడింది, దమ్ము బాగుందని. కానీ డాక్టరు ఒక కన్ను చూస్తూనే ఉన్నాడు. వంగాడు, అద్దం మార్చాడు, మళ్ళీ వంగాడు.

“ఎట్లున్నయి సారూ?”

డాక్టరు ఆగమన్నట్టు చేయి ఎత్తాడు.

రెండో కన్ను. పిల్ల ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. వర్షిత తల్లి కొంగు పట్టుకుంది, ఆ రోజు పట్టుకున్నట్టే. ఐలవ్వ సంచిలో చేయి పెట్టి వెండి కండ్లు గట్టిగా పట్టుకుంది, అంచులు అరచేతికి గుచ్చుకునేంతగా.

“సారూ...”

డాక్టరు దీపం విప్పి బల్ల మీద పెట్టాడు. గదిలో లైటు వేయించాడు. చేతులు తుడుచుకున్నాడు.

“నరాలు అంచుదాకా వచ్చేసినయి. రెండు కండ్లు మంచిగున్నయమ్మా. గీ పరీక్షకు ఇంక రావాల్సిన పని లేదు.”

వర్షిత ఏడ్చింది, నిస్సి నవ్వింది. ఐలవ్వ రెండూ చేసింది. జేబులోంచి ఆక్సిమీటరు తీసి నిస్సి ఆమె చేతిలో పెట్టింది. “తీసుకో అవ్వా, నీ సామాను.” ఐలవ్వ దాన్ని నిస్సి వేలికే తగిలించి, తొంభై తొమ్మిది చూసి, “ఇంక నీ దగ్గరనే ఉంచుకో బిడ్డా, నా మనుమరాలి గుర్తుగ” అంది.

వరండాలో నడుస్తూ ఆమె పిల్ల ముఖంలోకి తొంగి చూసింది. చుక్కల మందు ప్రభావం తగ్గని ఆ నల్లటి కళ్ళు ఆమె మీదే ఆగినట్టు అనిపించాయి. ఐలవ్వ సంతోషం గేటు దాకా అట్లాగే నిలిచింది. గేటు దగ్గర ఎండ పిల్ల ముఖం మీద పడగానే కొంగు అడ్డం పెట్టి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగింది.

“ఏమయ్యా, ఇప్పుడైతే మంచిగున్నయి. రేపు బడికి పోయినంక, పెద్దగైనంక, ఏమన్న అయితే ఎట్ల?”

స్వామి ఆగిపోయాడు. స్ట్రెచరు చక్రం వాచ్‌మన్ చేతికిచ్చేశాడు కాబట్టి ఆయన చేతులకు ఆ క్షణం ఏ పనీ లేదు. రెండు చేతులు చూసుకున్నాడు. మనుమరాలిని చూశాడు. తర్వాత, కాపురం మొదలైనప్పటినుంచి బాకీ ఉన్న జవాబు ఇచ్చాడు.

“మా అందరి భయం నువ్వే పడుతవు గదనే. గందుకే మేము గింత నిమ్మలంగుంటున్నం.”